స్ట్రెయిన్ తేలేవరకు

మా జల్లిపూడి పురపాలక సంఘ పరిధిలో ఎవరికైనా విరేచనాలైతే, అవి ఏ సూక్ష్మజీవి వల్ల అయ్యాయో ముందు తేలాలి. అది తేలాకే అవి అయినట్టు. అప్పటిదాకా సదరు వ్యక్తి ఎన్నిసార్లు పరుగెత్తినా అది ఆయన సొంత వ్యవహారం. ఈ నియమం మీద పత్రికల్లో చాలామంది వేళాకోళం చేశారు. దీన్ని రాసిన పెద్దమనిషి ఎవరో కనబడితే చెంబు చేతికిచ్చి కూర్చోబెట్టాలని ఒకాయన సంపాదకుడికి ఉత్తరం రాశాడు. ఆ పెద్దమనిషిని నేనే. కూర్చోబెట్టడం కూడా అయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నా పేరు డాక్టర్ తాడంకి అనంతశయనం. ఊరి చివర ఉన్న ప్రాంతీయ ప్రజారోగ్య ప్రయోగశాలకు అధిపతిని. ఉద్యోగ జీవితమంతా ఇతరుల మలాన్ని శ్రద్ధగా పరిశీలించడంలో గడిచింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీవారేం చేస్తారండీ?" అని అడిగితే మా ఆవిడ వైదేహి "గవర్నమెంటులో" అంటుంది. గవర్నమెంటులో ఏమిటని ఇంకా లాగితే "వడ్డన మొదలైనట్టుందండీ" అని లేచిపోతుంది. అందుకు నాకేం బాధ లేదు. నా బాధల్లా వేరు. మా శాస్త్రంలో ఎందరెందరో దొరల పేర్లు సూక్ష్మజీవులకు పెట్టారు. ఏ పుస్తకం తెరిచినా ఎవరో ఒకరి ఇంటిపేరు పేగుల్లో పాకుతూ కనబడుతుంది. తాడంకి వారి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒక్క విరేచనానికైనా నా ఇంటిపేరు పెట్టించుకోకుండా రిటైరవుతానేమోనన్న దిగులు నన్ను లోపల్లోపల తినేస్తుండేది.

ఇలా ఉండగా మా పీసీఆర్ యంత్రానికి పని పోయింది. కరోనా రోజుల్లో అది రాత్రింబవళ్ళు పనిచేసి ఊరందరి ముక్కుల సంగతీ చెప్పింది. కరోనా తగ్గాక గుడ్డ కప్పి మూల కూర్చోబెట్టాం. ఏటా దసరాకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం, అంతే. ఆడిట్ వాళ్ళు వచ్చి గుడ్డ ఎత్తి చూసి, "విలువైన యంత్రము నిరుపయోగముగా నుండుటకు కారణములు తెలుపవలెను" అని రాసిపోయారు. కారణం ఏమని తెలుపను? ఊళ్ళో జబ్బు లేదని రాస్తే నా ఉద్యోగానికే ఎసరు. అందుకని ఈ యంత్రంతో పేగుల్లోని రోగకారక సూక్ష్మజీవుల స్ట్రెయిన్లను, అంటే వాటిలో ఏ శాఖ చెడ్డదో, జన్యువు చూసి గుర్తించబోతున్నామని రాశాను. రాశాక నాకే ఉత్సాహం వచ్చింది. కొత్త స్ట్రెయిన్ దొరికితే పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాడిదే కదా.

యంత్రానికి రెండోసారి ప్రారంభోత్సవం జరిపాం. కొత్త కమిషనర్ ముక్తేశ్వరరావు గారు రిబ్బను కత్తిరించారు. పంతులుగారు యంత్రం మూత మీద పసుపు రాసి కుంకుమ పెడుతుంటే, "లోపల కూడా పెట్టండి పంతులుగారూ, పని చేసేది లోపలే" అని మూత తెరిచింది నేనే. ఆయన ధారాళంగా పెట్టారు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు.

"ఈకోలై అనే సూక్ష్మజీవి మనందరి పేగుల్లోనూ ఉంటుంది. కమిషనర్ గారి పేగుల్లోనూ ఉంది" అన్నాను.

కమిషనర్ గారు కుర్చీలో సర్దుకున్నారు.

"అంతమాత్రాన భయపడక్కర్లేదు. వాటిలో చాలా మటుకు మంచివి. ఒక ఊళ్ళో ఒకే ఇంటిపేరు వాళ్ళు వందమంది ఉంటే గొడవ చేసేది ఏ ఇద్దరో ముగ్గురో. ఇన్నాళ్ళూ మనం చేసిన పరీక్ష ఇంటిపేరు వరకే చెప్పేది. ఈ యంత్రం జన్యువు చూసి గొడవమనిషి ఎవడో పట్టిస్తుంది."

చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు మాత్రం కొట్టలేదు. ఆయన లా చదువుకున్న మనిషి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"డాక్టర్ గారూ, అంటే ఇంతకాలం ఈ పురపాలక సంఘం విచారణ లేకుండానే నీళ్ళలో క్లోరిన్ కలుపుతూ వచ్చిందన్నమాట. దోషులతో పాటు నిర్దోషులను కూడా సామూహికంగా శిక్షించాం. ఇది సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. తక్షణం మార్గదర్శకాలు రూపొందించండి."

ఆ మాట విని నేను పొంగిపోయాను. ఒక అధికారి నా ఉపన్యాసం చివరిదాకా వినడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదలు. ఆ పొంగులోనే కూర్చుని మార్గదర్శకాలు రాసేశాను. స్ట్రెయిన్ నిర్ధారణ కానిదే ఏ కాగితం మీదా అతిసారం అనే మాట వాడరాదు. నిర్ధారణ కానిదే పైపులు తవ్వరాదు, క్లోరిన్ బిళ్ళలు పంచరాదు. ఆసుపత్రిలో ప్రతి స్ట్రెయిన్‌కూ ప్రత్యేక వార్డు ఉండాలి. ధ్రువీకరణ మీద ప్రయోగశాలాధిపతి, అనగా నేను, సంతకం చేయాలి. ఈ చివరి వాక్యం రాసేటప్పుడు నా దస్తూరి కొంచెం పెద్దదైందని తర్వాత చూసుకుంటే తెలిసింది.

వానలు పడ్డాయి. మా ప్రయోగశాలకు ఆనుకునే సున్నపుబట్టీల వీధి ఉంది. ఆ వీధిలో మంచినీళ్ళ పైపు మురికి కాలవలోంచి వెళుతుంది. అది పగిలిందని వీధి మొత్తానికి తెలుసు. కాలవలో ఒకచోట నీళ్ళు ఉబికి పైకి లేస్తుంటే పిల్లలు కాగితప్పడవలు వదిలి ఆడుకునేవాళ్ళు. రోజూ స్కూటర్ మీద ఆ పక్కగా వచ్చే నాకూ తెలుసు. నీటి సరఫరా ఇంజనీరు నరసరాజు గారికీ తెలుసు. తెలియడం వేరు, నిర్ధారణ కావడం వేరు.

ముందుగా నా దగ్గరికి వచ్చింది పాపాయమ్మ. వీధి మొదట్లో ఇడ్లీలు అమ్ముతుంది. కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు పట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇయ్యి సూడండి డాట్రు బాబూ. మా కుళాయి నీళ్ళండి ఇయ్యి. ముక్కు దగ్గరెట్టుకుంటే కడుపులో దేవేస్తందండి. ఈదిలో ఇంటికిద్దరు మంచాన పడ్డారు. మా లోవలచ్చిమికి ఏడో నెలండి, పురిటికి తెచ్చుకున్నాను. మొన్నట్నించి దానికి ఆగట్లేదు."

"ఆసుపత్రికి తీసుకెళ్ళావా?"

"తీసుకెల్లానండి. సెలైనెట్టి పంపారు. ఇంటికొచ్చి ఈ నీళ్ళే తాగింది, మళ్ళీ మొదలు. డబ్బా నీళ్ళు కొంటన్నాను బాబూ, తాగడానికైతే కొంటాను. బియ్యం కడగాలా? గిన్నెలు తోమాలా? మీరు ఒక్క మాట సెప్పి ఆ పైపు కట్టించెయ్యండి, మీకు పున్నెం ఉంటాది."

ఆమె అడిగింది చాలా చిన్న విషయం. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. అప్పుడు మాత్రం ఎంతో దయగా నవ్వాను.

"చూడమ్మా, నీళ్ళు కంపు కొట్టడం నేరం కాదు. ఏ స్ట్రెయిన్ అన్నది తేలాలి. రోగుల నమూనాలు పంపించు. మిగతాది యంత్రం చూసుకుంటుంది."

"అది తేలేలోగా మా పిల్లేం కావాలండి?" అంది పాపాయమ్మ. మార్గదర్శకాల్లో దానికి సమాధానం లేదు.

నరసరాజు గారికి ఫోన్ చేశాను. ఆయన ముందే సిద్ధంగా ఉన్నారు. "పైపు పగిలిన మాట వాస్తవమే సార్. పలుగూ పారా కూడా వీధిలోనే పెట్టించాను. మీ ధ్రువీకరణ రావడమే తరువాయి. తవ్వాక అది మంచి సూక్ష్మజీవని తేలితే గుంట ఖర్చు నా జీతంలోంచి కోస్తారు కదా!" అన్నారు.

నమూనాలు వచ్చాయి. మా టెక్నీషియన్ గ్రేస్‌మణి వాటిని సిద్ధం చేసి యంత్రంలో పెట్టింది. చదువరులకు ఒక్క ముక్క చెప్పాలి. రోగి గొట్టాలతో పాటు ఒక గొట్టంలో ఉత్త శుద్ధజలం పెడతాం. చెడ్డ జన్యువు ఉన్న గొట్టానికి తెర మీద గీత పైకి లేస్తుంది. శుద్ధజలం గీత పడుకునే ఉండాలి. అది కూడా లేచిందంటే ప్రయోగశాలే మైలపడిందని అర్థం. పరీక్ష చెల్లదు.

రోగుల గీతలు చకచకా లేచాయి. అంతేకాదు, ప్రతి గీతలోనూ ఓ చిన్న మెలిక ఉంది. అలాంటి మెలిక నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. నా గుండె ఝల్లుమంది. "మణీ, ఇది కొత్త స్ట్రెయిన్!" అన్నాను.

"సార్, నీళ్ళ గొట్టం కూడా లేచిందండీ" అంది గ్రేస్‌మణి.

చూశాను. శుద్ధజలం గీత అందరికంటే నిటారుగా నిలబడి ఉంది.

ఈ శుద్ధజలం గురించి కూడా చెప్పాలి. దాన్ని చిన్న చిన్న సీసాల్లో కంపెనీ నుంచి కొంటాం. అది అయిపోయి కొత్తదానికి రాస్తే ఆడిట్ వాళ్ళు, "స్థానికముగా మునిసిపల్ నీరు ఉచితముగా లభ్యమగుచుండగా నీటిని కొనుటలోని ఔచిత్యమేమి?" అని తిప్పి పంపారు. అప్పట్నుంచీ మా కుళాయి నీళ్ళనే కాచి, వడపోసి వాడుకుంటున్నాం. కాచితే సూక్ష్మజీవి చస్తుంది గానీ దాని జన్యువు అలాగే ఉంటుందనీ, గీతను లేపడానికి అది చాలుననీ కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పింది నేనే. పాఠాలు చెప్పేవాళ్ళకు అవి గుర్తుండాలన్న నిబంధన ఏదీ లేదు కదా.

ప్రయోగశాల మైలపడిందని తేల్చి శుభ్రం చేయించాను. గోడలు, బల్లలు, నేల, అన్నీ కడిగించాను. వేటితో? కుళాయి నీళ్ళతో. మళ్ళీ పరీక్ష పెడితే శుద్ధజలం గీత ఇంకా ముందే లేచింది. మళ్ళీ కడిగించాను. ఈసారి పైకప్పు కూడా. ఎంత కడిగితే గీత అంత ఎత్తుకు పోయింది. నేను మాత్రం పట్టు వదల్లేదు. మామూలు సూక్ష్మజీవి అయితే ఇంత కడుగుడుకి తట్టుకునేదా? ఇది ఖాయంగా కొత్తదే. పడుకుని కళ్ళు మూసుకుంటే విదేశీ పత్రికల్లో 'తాడంకి స్ట్రెయిన్' అని అచ్చయినట్టు కనబడేది. నివేదిక మాత్రం ఆపాను. వీధిలో జనం పడిపోతూనే ఉన్నారు.

కమిషనర్ గారు సమీక్షకు పిలిచారు. పరిస్థితి వివరించాను.

"ఒక్క నిమిషం" అన్నారాయన. "రోగులలో ఒక జన్యువు కనబడింది. శుద్ధజలంలోనూ అదే జన్యువు కనబడింది. అంతేనా?"

"అంతేనండి."

"శుద్ధజలం శుద్ధమైనదేనా?"

"నిర్వచనం ప్రకారం శుద్ధమైనదేనండి."

"అయితే రోగులలో ఉన్నది శుద్ధజలంలో ఉన్నదే కనుక, సున్నపుబట్టీల వీధి వాసులు శుద్ధజలంతో సమానమైన ఆరోగ్యస్థితిలో ఉన్నట్టు ప్రాథమికంగా అభిప్రాయపడవచ్చు. ప్రస్తుతానికి దీన్ని అతిసార సదృశ పరిస్థితి అందాం. నోట్ పెట్టండి."

ఎక్కడో తేడా ఉందని నాకు అనిపించింది. అయితే వాక్యం చాలా నిండుగా ఉంది. పైగా కొత్త స్ట్రెయిన్ సంగతి తేలేవరకు ఎవరూ తొందరపెట్టకుండా ఉండటం నాకూ కావలసిందే. నోట్ పెట్టాను.

ఆ నోట్ విలేకరుల చేతికి చిక్కింది. వాళ్ళంతా ప్రయోగశాలకు వచ్చి, ప్రజలు శుద్ధజలంతో సమానమైతే ఆ శుద్ధజలం ఎలా ఉంటుందో చూపించమన్నారు. కమిషనర్ గారు వెనకాడే మనిషి కాదు. "చూపించడం ఏమిటి, తాగి చూపిస్తాం!" అన్నారు. మా అటెండరు కుళాయి తిప్పి గాజుగ్లాసులు నింపాడు. నిమ్మకాయ పిండి, పంచదార వేసి షర్బత్ చేశాడు. కమిషనర్ గారు కెమెరాల ముందు ఒక్క గుక్కలో తాగేశారు. నరసరాజు గారు కళ్ళు మూసుకుని తాగారు. అందరూ నా వైపు తిరిగారు.

ఇంట్లో మేం తాగేది డబ్బా నీళ్ళు. వీధిలో మొదటి మనిషి పడగానే వైదేహి తెప్పించడం మొదలుపెట్టింది. నేను ఒక్క మాటైనా అడ్డు చెప్పలేదు. శాస్త్రాన్ని ఆఫీసులోనే వదిలి ఇంటికి వెళ్ళడం నాకు అలవాటు. ఇప్పుడు మాత్రం ఆఫీసులోనే ఉన్నాను, చేతిలో గ్లాసు ఉంది. తాగనంటే ఎందుకు తాగనో చెప్పాలి. చెబితే నోట్ ఏమవుతుంది, మెలిక ఏమవుతుంది, నా ఇంటిపేరు ఏమవుతుంది? తాగాను. బాగుందని ఇంకో గ్లాసు కూడా పోశారు. అదీ తాగాను.

మర్నాడు తెల్లవారేసరికి నేను నా సొంత వ్యవహారంలో పూర్తిగా మునిగి ఉన్నాను. వైదేహి నన్ను ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో ఒక్కసారి మాత్రం, "తెలిసి తాగారా, తెలియక తాగారా?" అని అడిగింది. ఇంకా ఎంత దూరమని నేను ఆటోవాణ్ణి అడిగాను. తెలిసే తాగానని ఆమెకు అర్థమైపోయింది.

ఆసుపత్రిలో నా మార్గదర్శకాలు ఎంత చక్కగా అమలవుతున్నాయో అప్పుడు చూశాను. స్ట్రెయిన్ వార్డులు వరసగా ఉన్నాయి. మంచాల మీద ఇస్త్రీ దుప్పట్లు, తలగడలు, మూల మిషన్లు. వార్డులన్నిటికీ తాళాలు వేసి ఉన్నాయి. స్ట్రెయిన్ తేలిన రోగి ఒక్కడూ లేడు కదా! తేలనివాళ్ళందరూ 'నిర్ధారణ పెండింగ్' అని బోర్డు పెట్టిన వరండాలో నేల మీద పడుకుని ఉన్నారు. సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు వేలాడుతున్నాయి. నాకూ ఓ చాప ఇచ్చారు. ఒక పక్క కమిషనర్ గారు, ఆ పక్కన నరసరాజు గారు. దొడ్డి దగ్గర లైనులో మొదట హోదా ప్రకారం కమిషనర్ గారిని ముందు వదిలారు. కాసేపటికి ఎవరి హోదా వాళ్ళ పొట్టే నిర్ణయించింది.

నాకు రెండో పక్క చాప మీద ఒక గర్భిణి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె తల దగ్గర పాపాయమ్మ కూర్చుని చెంచాతో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పోస్తోంది. నన్ను చూసింది. తిట్టలేదు. ఆ గిన్నెలోవే ఇంకో చెంచా నా నోట్లోనూ పోసింది.

"ఇయ్యి డబ్బా నీళ్ళేనండి, బయపడకండి" అంది.

కంట్లో నీళ్ళు తిరిగాయి. ఒంట్లో నీళ్ళు లేని మనిషికి అవెక్కణ్ణుంచి వచ్చాయో తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

డ్యూటీ డాక్టరు సమీనా పరుగున వచ్చింది. లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని చూసింది, పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"బిడ్డ ఎంతసేపట్నించి కదలట్లేదమ్మా?"

"పొద్దున్నించి లేదండి" అంది లోవలక్ష్మి. ఆ మాట కూడా సగమే వినబడింది. పాపాయమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

సమీనా నా వైపు తిరిగింది. నా దగ్గర పాఠాలు విన్న పిల్ల. "సార్, ఈమెని లోపల మంచం మీద పెట్టి బిడ్డ గుండె చూడాలి. మిషను తాళం వేసిన వార్డులో ఉంది. తాళంచెవి సూపరింటెండెంట్ గారి దగ్గర ఉంది. ఆయన మీ ధ్రువీకరణ అడుగుతున్నారు. మీరు సంతకం పెడతారా, నన్ను తాళం పగలగొట్టమంటారా?"

కిటికీ ఊచకు వేలాడే నా సెలైన్ చుక్క చుక్కగా పడుతోంది. ప్రారంభోత్సవం నుంచీ నేను చేయని పని ఒకటి ఆ చాప మీద చేశాను. ఆలోచించాను. నిన్న నేను బయట తాగింది ఆ నీళ్ళొక్కటే. ఇప్పుడు నాకు ఈ వీధి వాళ్ళ జబ్బే వచ్చింది. ఆ నీళ్ళే మా గొట్టంలోనూ ఉన్నాయి. ప్రయోగశాల మైలపడలేదు, యంత్రం తప్పు చెప్పలేదు. పెట్టిన ప్రతిసారీ అది నీళ్ళలోనే ఉంది, నీళ్ళలోనే ఉంది అని గీత గీసి మరీ చెప్పింది. దాని నోరు మూయించడానికి నేను అవే నీళ్ళతో ప్రయోగశాలంతా కడిగించాను. ఇక కొత్త స్ట్రెయిన్ మాటంటారా? రోగుల గీత ఏ జన్యువుకి లేచిందో ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. నీళ్ళ విరేచనాలు పెట్టే అతి మామూలు ఈకోలై. పుస్తకంలో మొదటి పేజీలోదే.

సంతకం పెడితే తాడంకి స్ట్రెయిన్ ఉండదు. నోట్ పెట్టిన నా తెలివి ఊరంతటికీ తెలుస్తుంది. లోవలక్ష్మి కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది.

"కాగితం ఇలా తే" అన్నాను. సెలైన్ ఉన్న చేత్తోనే రాశాను. మామూలు స్ట్రెయిన్, కుళాయి నీళ్ళలో ఉంది, రోగులందరికీ అదే, నాకూ అదే, అని. సమీనా కాగితం లాక్కుని పరుగెత్తింది. తాళం తెరుచుకుంది. లోవలక్ష్మిని చాపతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్ళారు.

కమిషనర్ గారు మోచేతి మీద లేచారు. "డాక్టర్ గారూ, సదరు ధ్రువీకరణ సరైన మార్గంలో సమర్పించబడలేదు. దీనిపై ఒక సమగ్ర చర్చ..." అంటుండగా ఆయన మొహం మారిపోయింది. సీసా చేత్తో పట్టుకుని చర్చ మధ్యలోనే దొడ్డి వైపు పరుగెత్తారు. నరసరాజు గారు ఆ సందు చూసుకుని ఫోన్ తీసి, "ఒరేయ్, వాల్వు కట్టెయ్యండి. పలుగు తియ్యండి. నేను చెప్తున్నాను" అన్నారు. అయిపోయింది. వానాకాలమంతా కాని పని ఆయన మాట పూర్తయ్యేలోగా అయిపోయింది.

వార్డు తలుపు తెరిచే ఉంది. లోపల మిషన్లోంచి గబగబా కొట్టుకుంటున్న బిడ్డ గుండె చప్పుడు వరండాలోకి వినబడింది. పాపాయమ్మ గుమ్మంలోనే కూలబడి బోరుమని ఏడ్చింది. నా జీవితంలో ఏ యంత్రం చెప్పిన మాటా అంత బాగా అర్థం కాలేదు.

ఆ తర్వాత జరిగినవన్నీ మీరు పత్రికల్లో చదివే ఉంటారు. పైపు మార్చారు. గుంట దగ్గర కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగారు. నియమం రద్దు కాలేదు. స్ట్రెయిన్ తేలడం వల్లే సమస్య పరిష్కారమైందని నివేదిక వెళ్ళింది. దాన్ని 'జల్లిపూడి నమూనా' అని మెచ్చుకుని మిగతా ఊళ్ళకూ పంపారు. దోమల విషయంలో కూడా ఇదే పద్ధతి పాటించాలనీ, జాతి తేలనిదే దోమను కొట్టరాదనీ కమిషనర్ గారు ప్రతిపాదన పంపారు. నాకు శాలువా కప్పారు. గీతలోని మెలిక సంగతి తేల్చమని దూరంగా ఉన్న ఓ పెద్ద సంస్థకు నమూనా పంపితే, యంత్రంతో సహా పంపమన్నారు. పరీక్షించి జవాబు రాశారు. సూక్ష్మజీవి అతి మామూలుది. మెలిక యంత్రం లోపల వెలుగును చూసే కంటికి అంటిన పసుపు వల్ల వచ్చింది. పంతులుగారి చేత అక్కడ పెట్టించింది నేనేనని వాళ్ళకు రాయలేదు.

లోవలక్ష్మికి నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. పాపాయమ్మ ఇడ్లీలు పొట్లం కట్టి తెచ్చి మరీ చెప్పింది. నేను రిటైర్మెంటు కాగితాలు సర్దుకుంటున్నాను. పేరు రాకపోతే పోయింది, బిడ్డ దక్కింది, అదే చాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మొన్న సాయంత్రం నాకు పొట్ట కొంచెం తేడా చేసింది. బజారులో మిరపకాయ బజ్జీలు తిన్నాను లెండి. బిళ్ళలు కొందామని సున్నపుబట్టీల వీధి మందుల షాపుకి వెళ్ళాను. నా ముందు ఒకావిడ నిలబడి ఉంది. ఆ వీధి మనిషే, నన్నెరగదు.

"బాబూ, మావోడికి పొద్దున్నించి తాడంకొచ్చిందండి. బిళ్ళలియ్యండి" అంది.

నేను సరిగా విన్నానా అనుకున్నాను. షాపు కుర్రాడు తల కూడా ఎత్తలేదు.

"మామూలు తాడంకా అమ్మా, జ్వరంతో తాడంకా?" అని అడిగాడు.

"ఉత్త తాడంకేనండి. నీళ్ళలాగ."

కుర్రాడు ఒక డబ్బాలోంచి బిళ్ళలు తీసి ఇచ్చాడు. జ్వరంతో వచ్చేదానికి డబ్బా వేరే ఉంది. యంత్రం లేకుండానే ఈ వీధిలో నా పేరు మీద రెండు స్ట్రెయిన్లు నడుస్తున్నాయి.

ఆవిడ వెళ్ళిపోయాక కుర్రాడు నా వైపు చూశాడు. "మీకేం కావాలండీ?"

ఊళ్ళో ఇంకెవరికైనా దాన్ని ఆ పేరు పెట్టి అడిగే వీలుంది. నాకా వీలు లేదు.

"అదే" అన్నాను. "మామూలుదే."